గంగక్క మతిమరుపు

బత్తలపల్లె నాలుగు రోడ్ల దగ్గర, ధర్మవరం బస్సులు ఆగే చోట, పసుపు బోర్డు మీద నల్లటి అక్షరాలతో ఎస్టీడీ అని రాసి ఉన్న చిన్న గది గంగక్కది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమె కుడికాలు సన్నబడిపోయింది. ఆ కాలి పుణ్యమా అని వికలాంగుల కోటాలో ఫోను బూతు వచ్చిందని తానే నవ్వుతూ చెప్పేది. ముప్పయ్యేళ్ళు దాటినా పెళ్ళి కాలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, "పెండ్లి చేసుకుంటే ఒగని మాటే వినాల. ఈడైతే ఊరందరి మాటా వింటాండా, నాకేం తక్కువ?" అనేది.

అట్లా అనడమే గానీ, వినడం ఆమెకు బొత్తిగా ఇష్టం ఉండేది కాదు. మన జనం సంగతి తెలిసిందే కదా. బెంగళూరు దూరం కాబట్టి గట్టిగా అరిస్తే తప్ప వినపడదని వాళ్ళ నమ్మకం. పైగా ఎండాకాలంలో అద్దాల గదిలో ఉడుకు తట్టుకోలేక తలుపు బార్లా తెరిచి పెట్టేవాళ్ళు. కోడలి అలకలు, కొడుకు తాగుడు, కూతురికి నెల తప్పిన సంగతి, అన్నీ బస్టాండులో టీ తాగేవాళ్ళ చెవుల్లో పడేవి. గంగక్క స్టూలు మీద నుంచే కేకలేసేది. "ఏమప్పా, తలుపేస్కో! నీ ఇంటి కత సోడా అంగడోనికి యాల?" అయినా వినకపోతే రేడియో గొంతు పెంచేది. నోరు పెద్దదని అందరూ అనేవాళ్ళు. ఆ నోట్లోంచి ఒకరి సంగతి ఇంకొకరికి ఎప్పుడూ పోలేదని మాత్రం చాలామంది చాలా ఏళ్ళ దాకా గమనించనే లేదు.

అవి వరుసగా వానలు ఎగ్గొట్టిన సంవత్సరాలు. శెనక్కాయ విత్తనం కూడా చేతికి రాక, చుట్టుపక్కల పల్లెల్లో సగం మంది బెంగళూరుకు కూలికి పోయారు. వాళ్ళకు సొంత ఫోన్లు ఎక్కడివి? పని చేసే చోట పక్కనే ఉన్న బేకరీదో, సిమెంటు అంగడిదో నంబరు ఇచ్చేవాళ్ళు. దాన్ని పీపీ నంబరు అనేవాళ్ళు. ఆ అంగడాయనకు ఫోను చేసి, ఫలానా వాళ్ళను పిలవమని బతిమాలి, పది నిమిషాలాగి మళ్ళీ చేయాలి. ఇటు వైపు వాళ్ళందరికీ గంగక్క బూతే పీపీ నంబరు.

ఊళ్ళో ముసలీ ముతకకు అంకెలు రావు. చీటీల మీద రాయించుకొస్తే అవి చీర కొంగులోనో, వక్కాకు సంచిలోనో నలిగి, ఏడు ఒకటయ్యేది, మూడు ఎనిమిదయ్యేది. ఈ గోల పడలేక గంగక్క ఒక పెద్ద నోటు పుస్తకం కొన్నది. పదో తరగతి దాకా చదివింది, అచ్చు గుద్దినట్టు రాసేది. ఎవరు, ఎవరి బిడ్డ, ఎక్కడ పని, ఏ సందు, ఎవరి ఫోను, నంబరెంత, అన్నీ వరుసగా రాసి, పుస్తకానికి దారం కట్టి అద్దాల గదిలో మేకుకు తగిలించింది. ఎవరికి కావాలంటే వాళ్ళు తిప్పి చూసుకోవచ్చు. చదువు రానివాళ్ళకు పక్కనున్నవాళ్ళు చూసి చెప్పేవాళ్ళు. ఆ పుస్తకమంటే గంగక్కకు ఎంత గర్వమో! దాచుకోవడానికి అందులో బంగారముందా, వజ్రాలున్నాయా అనుకున్నారు అందరూ. గంగక్క కూడా అట్లాగే అనుకున్నది.

ఆ పుస్తకంలో ఒక వరుస ఇట్లా ఉండేది: 'మల్లీశ్వరి, నల్లమ్మ కూతురు, గార్మెంట్సు ఫ్యాక్టరీ, వెనక సందులో బేకరీ.' పక్కన నంబరు.

నల్లమ్మ మేకలు మేపుకునే విధవరాలు. ఒక్కతే కూతురు మల్లీశ్వరి. మొగుడు వీరేష్ కొట్టే దెబ్బలకు తాళలేక, ఎవరికీ చెప్పకుండా బెంగళూరు పోయి కుట్టుపనిలో చేరింది. వారానికోసారి తల్లి మాత్రం గంగక్క బూతుకు వచ్చి మాట్లాడి పోయేది. తొంభై తొమ్మిదిలో ఒక సంతరోజు బూతు కిటకిటలాడుతున్నప్పుడు వీరేష్ వచ్చాడు. తెల్ల చొక్కా, దువ్విన తల, మర్యాదగా మాట. అద్దాల గదిలో నిలబడి పుస్తకం తిరగేశాడు. "అక్కా, రోంత పెన్నియ్యి" అన్నాడు. గంగక్క ఇంకొకరికి లైను కలిపే తొందరలో ఉండి ముఖం కూడా చూడకుండా పెన్ను ఇచ్చింది. అరచేతిలో రాసుకుని, పెన్ను తిరిగి ఇచ్చి, "మంచిదక్కా" అని పోయాడు.

నల్లమ్మకు పాము కరిచిందని బేకరీకి ఫోను చేశాడు. పిల్ల ఏడ్చుకుంటూ ధర్మవరంలో బస్సు దిగితే, స్టాండులో వాడే నిలబడి ఉన్నాడు.

నాలుగు నెలలు ఆ పిల్ల వీరేష్ ఇంటి గడప దాటలేదు. నల్లమ్మ పోతే తలుపు తీయలేదు. ఆ నాలుగు నెలలూ గంగక్కకు అన్నం సయించలేదు. నంబరు ఎట్లా తెలిసిందో ఎవరూ అడగలేదు, ఎవరూ ఆమెను ఒక్క మాటా అనలేదు. అది ఇంకా కష్టమయింది. ఎవరైనా నాలుగు తిడితే బాగుండునని అనుకునేది.

ఒకరోజు పొద్దున్నే మొదటి బస్సు రాకముందు ఆమె షట్టరు ఎత్తుతుంటే, ఎదురుగా మల్లీశ్వరి నిలబడి ఉంది. ఎడమ మణికట్టు వంకరగా అతుక్కుని ఉంది. చేతిలో ఒక్క సంచి.

"అక్కా, ఈతూరి వేరే చోటికి పోతాండా. నంబరు నీకొక్కదానికే చెప్తా. మాయమ్మకు గూడా వద్దు. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు."

గంగక్క అలవాటు కొద్దీ పెన్ను అందుకున్నది. మల్లీశ్వరి ఆ చేయి పట్టుకుని ఆపింది. "రాయొద్దక్కా."

అంతే. కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఆ ఒక్క మాట గంగక్క గుండెలో గునపం దిగినట్టు దిగింది. మల్లీశ్వరి నంబరు నోటితోనే రెండుసార్లు చెప్పి బస్సెక్కింది. బస్సు కదిలిపోయాక నోటు పుస్తకం మేకు మీద నుంచి తీసి ఇంటికి తీసుకుపోయి కట్టెల పొయ్యిలో పెట్టేసింది. "బంగారట్లా పుస్తకాన్ని కాలుస్తాండావే, నీకేమన్నా పిచ్చా?" అని వదిన బయమ్మ లబలబలాడినా వినలేదు.

ఆ రోజు నుంచి గంగక్క నంబర్లన్నీ తలలో పెట్టుకోవడం మొదలుపెట్టింది. చీటీ తెస్తే రెండుసార్లు చూసి, "ఇంగ ఇది నీ దగ్గరే పెట్టుకో, నాకొచ్చేసింది" అని వెనక్కి ఇచ్చేసేది. మనిషి గడప ఎక్కేలోగానే నంబరు నొక్కేది. నల్లమ్మకూ అట్లాగే కూతురి నంబరు తానే కలిపి ఇచ్చేది. ఆర్నెల్లలో నూట యాభై నంబర్లు నోటికొచ్చాయి. ఫోనులో ఇంకో తిరకాసు ఉందని కూడా అప్పుడే కనిపెట్టింది. ఒక బొత్తాం నొక్కితే అంతకుముందు మాట్లాడిన నంబరుకే మళ్ళీ పోతుంది. అందుకని ఎవరు మాట్లాడి పెట్టేసినా వెంటనే తన బూతు నంబరే తాను కొట్టేది. ఎందుకక్కా అంటే, "ఎంగిలి ఫోను, నోరు పుక్కిలింపిస్తాండా" అనేది.

ఆమె తలకాయ సంగతి చుట్టుపక్కల మండలాల దాకా పాకింది. కుర్రవాళ్ళు పందేలు కట్టి పరీక్షించేవాళ్ళు. అందరికంటే ఎక్కువ మురిసిపోయినవాడు హనుమంతప్ప. మాజీ సర్పంచి, ఊరి పంచాయితీలన్నీ ఆయన అరుగు మీదే. గంగక్క బూతు కోసం ఆఫీసుల చుట్టూ మూడుసార్లు తిరిగిందీ ఆయనే. అనంతపురం నుంచి చుట్టాలు వస్తే వాళ్ళను బూతు దగ్గరికి తీసుకొచ్చి, "అడగండప్పా, మా గంగను ఏ నంబరన్నా అడగండి!" అని మీసం దువ్వేవాడు. గంగక్క గడగడా చెప్పేది, అయితే ఊరి పెద్దల నంబర్లు మాత్రమే, కూలికి పోయినవాళ్ళవి కాదు. పొగుడుతుంటే పైకి విసుక్కునేది గానీ లోపల ఎంత సంతోషించేదో ఆమెకే తెలుసు. జీవితంలో ఆమెను ఒకందుకు మెచ్చుకోవడం అదే మొదలు మరి. అంతకు ముందు కుంటిగంగ, ఇప్పుడు గంగక్క.

రెండువేల ఒకటిలో కొత్త మిషను వచ్చింది. మాట్లాడిన నంబరు, టైము, బిల్లు అన్నీ చీటీ మీద తానే అచ్చు కొట్టి ఇస్తుంది. బిగించడానికి అనంతపురం నుంచి వంశీ అనే మెకానిక్కు వచ్చాడు.

"ఇంగ నీకు తలనొప్పి లేదక్కా. చివరి ఐదు వందల కాల్సు దీంట్లోనే ఉంటాయి. ఈ బొత్తాం నొక్కితే లిస్టంతా వస్తాది."

"మరిచిపోవల్లంటే ఏం నొక్కల్ల?"

వంశీ తెల్లబోయాడు. "అందరూ గుర్తుండేదానికి అడుగుతారు. మరిచిపోయేదానికి అడిగినామె నువ్వే. అది నా చేతిలో లేదక్కా, ఆఫీసోళ్ళు కోడు కొట్టల్ల."

"బయట నుంచి మాకొచ్చే ఫోన్ల సంగతేంది?"

"అవి దీనికి తెలీవు. ఈడ్నుంచి పొయ్యేటివే రాసుకుంటాది."

గంగక్క ఆ సాయంత్రమే వేరే ఊళ్ళో పనుందని అన్న ఎర్రన్న సైకిలు మీద ధర్మవరం పోయి, అక్కడి బూతు నుంచి మల్లీశ్వరికి ఫోను చేసింది. ఇక మీదట తల్లి చేయదు, ప్రతి గురువారం సాయంత్రం నాలుగింటికి నువ్వే చెయ్యి అని చెప్పింది. మిషను కడుపులో ఆ నంబరు ఒక్కసారి కూడా పడలేదు.

అట్లా ముందుగా జాగ్రత్త పడడం ఎంత మంచిదయిందో మూడు నెలలకే తెలిసింది. ఒక మధ్యాహ్నం హనుమంతప్ప వచ్చాడు. వెనకాల వీరేష్. అదే తెల్ల చొక్కా. బూతులో ఐదారుగురు లైనులో ఉన్నారు.

"గంగా, మొగుడూ పెండ్లాలను కలపల్లని పంచాయితీ చేస్తాండా. వీడు తప్పు ఒప్పుకున్నాడు. ఆ పిల్ల యాడుండాదో తెలిస్తే నేనే పోయి పిల్చుకొస్తా. మిషన్లో లిస్టు తియ్యి."

హనుమంతప్ప చెడ్డవాడు కాదు. తాను మంచి పనే చేస్తున్నాననుకుంటున్నాడు, అదీ తంటా. గంగక్క మాట్లాడకుండా బొత్తాం నొక్కింది. బారెడు కాగితం వచ్చింది. వీరేష్ వేలు పెట్టి వరుస వరుసా చూశాడు. తెలిసిన అంగళ్ళు, తెలిసిన మేస్త్రీలు. అతనికి కావలసింది లేదు.

"మిషన్లో లేకపోతే ఏమిలే," అని హనుమంతప్ప నవ్వాడు. "మా గంగ తలకాయలో ఉండాది. చెప్పమ్మా."

చెప్పనంటే ఉందని ఒప్పుకున్నట్టే. ఉందని తెలిస్తే వీరేష్ ఊరుకుంటాడా? ఈయన ఊరుకుంటాడా? ఇప్పించిన చేయే బూతు తీసేయించగలదు. బూతు పోతే గురువారం ఫోను ఎక్కడికి వస్తుంది? ఆ క్షణంలో ఆమెకు మల్లీశ్వరి వంకర మణికట్టు ఒక్కటే కళ్ళ ముందు మెదిలింది.

"మరిచిపోయినా మామా," అన్నది.

లైనులో వాళ్ళంతా పకపకా నవ్వారు. హనుమంతప్ప కూడా నవ్వాడు. "నువ్వా? మరిచిపోయినావా? ఏదీ, మా ఇంటి నంబరు చెప్పు."

ఆ నంబరు ఆమె రోజుకు పదిసార్లు కొట్టేది. నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. గంగక్క నోరు తెరిచి, నిదానంగా, చివరి రెండంకెలు తారుమారు చేసి చెప్పింది.

నవ్వులు ఆగిపోయాయి. "మా అల్లునిది?" అన్నాడు హనుమంతప్ప, ఈసారి మెల్లగా. గంగక్క కాసేపు గోడ వైపు చూసి, "తెలీదు మామా. నెల నుంచి ఇట్లే అయితాండాది. తలంతా పొగ మాదిరి ఉండాది. ఎవురికీ చెప్పల్యా," అన్నది. అబద్ధమే గానీ కళ్ళలో నీళ్ళు మాత్రం నిజమైనవి. మెచ్చుకున్న మనిషి ముందే, అంతమంది చూస్తుండగా, తనకున్న ఒక్కగానొక్క గొప్పను తన చేత్తోనే నేలకేసి కొట్టుకుంటోంది. ఏడుపు రాదా మరి?

హనుమంతప్ప ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. "అయ్యో తల్లీ! దిష్టి తగిలింటాది. మంచి డాక్టరుకు చూపిచ్చుకో," అని వీరేష్‌ను వెంటబెట్టుకుని పోయాడు. వీరేష్ మాత్రం గడప దగ్గర ఆగి ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. వాడికి నమ్మకం కుదరలేదు.

అదీ చిక్కు. ఒక్కరోజు మరిచిపోతే చాలదు, రోజూ మరిచిపోవాలి. ఎవరో ఒకరిని వాడు పంపుతూనే ఉన్నాడు. ఒకసారి ఎవడో మేనమామనంటూ వస్తాడు, ఇంకోసారి ఎవతో ఫ్యాక్టరీ స్నేహితురాలినంటుంది. అందుకని గంగక్క అందరి నంబర్లూ మరిచిపోయింది. "చీటీ తెచ్చుకున్నావా? లేకపోతే నాకెట్ల తెలుస్తాది?" అనేది. అప్పుడప్పుడు కావాలనే తప్పు నంబరు కొట్టి తిట్లు తినేది. తిప్పయ్య కోడలికి నొప్పులొచ్చి కొడుకును పిలవాల్సి వస్తే, చీటీ పోయిందని ముసలాయన వణికిపోతుంటే, గంగక్క వెనక్కి తిరిగి ఒక కాగితం ముక్క మీద నంబరు రాసి, సొరుగు గలగలా కదిలించి, "ఇదిగో, సొరుగులో పడింది చూడు," అని ఇచ్చింది. అట్లాంటి చిట్కాలు ఇంకెన్నో.

ఇంట్లో వాళ్ళు ఊరుకుంటారా? వదిన బయమ్మ మతికి మంచిదని సరస్వతి ఆకు నూరి తేనెలో కలిపి పొద్దున్నే మింగించేది. చేదు విషం. అన్న తాయెత్తు కట్టించాడు. అన్నీ ఓర్చుకున్నది. ఓర్చుకోలేనివి రెండే. ఒకటి, రోడ్డుకు అవతల యేసన్న కొత్త బూతు పెడితే, పాత మనుషులు ఆమె ముందు నుంచే తల వంచుకుని అటు పోవడం. "పాపం గంగక్కకు తిక్క పట్టింది," అనే మాట చెవిన పడేది. రెండోది నల్లమ్మ. గురువారం మూడింటికే వచ్చి గడప మీద కూర్చునేది. ఫోను మోగడం ఐదు నిమిషాలు ఆలస్యమైతే చాలు, "నీ తల చెడిపోయేదాకా నా బిడ్డ నంబరన్నా ఉండె. ఇప్పుడు అది చెయ్యకపోతే నేనెవరిని అడగల్ల? నీకు గుర్తుండకూడదా గంగా!" అని ఏడ్చేది. ఒక్కోసారి నంబరు నాలుక చివరి దాకా వచ్చేది. "చేస్తాదిలే అత్తా, కూసో," అని మాత్రం అనేది.

ఏళ్ళు గడిచాయి. చేతి ఫోన్లు వచ్చాయి. బూతులకు ఈగలు ముసిరాయి. యేసన్న కూడా మూసేసి సెల్ కార్డులు అమ్ముకోవడం మొదలుపెట్టాడు. గంగక్క జిరాక్సు మిషను పెట్టుకుని ఆ గదిలోనే ఉండిపోయింది. రెండువేల ఏడులో మల్లీశ్వరి తాను సెల్లు కొని, తల్లికి కూడా ఒకటి ఎవరితోనో పంపింది. గంగక్కకు ఫోను చేసి తన నంబరు ఒక్కసారి చెప్పింది. "అమ్మకు నువ్వే నేర్పియ్యక్కా. ఇన్నేండ్లలో ఆమె గూడా గట్టిపడింది," అన్నది.

మర్నాడు నల్లమ్మ సెల్లును చీర కొంగులో పసిబిడ్డను చుట్టినట్టు చుట్టుకుని వచ్చింది. "దీంట్లో నా బిడ్డ పేరు, ఫోటో ఎక్కిస్తారంట కదా, ఎక్కియ్యి."

"పేరు వద్దు, ఫోటో వద్దు. నీ అల్లుడు ఇప్పటికీ పండగకూ పబ్బానికీ నీ ఇంటికొస్తాండ్ల్యా? వాని చేతిలో పడితే? నంబరు నీ తలకాయలో పెట్టుకో. మాట్లాడినాక ఈ ఎర్ర బొత్తాం పక్కది నొక్కి తుడిచెయ్యల్ల, అది తర్వాత చెప్తా."

"నాకు అంకెలు యాడొస్తాయే?"

"మేకల్ని లెక్క పెట్టేదొస్తాదా లేదా? విను. బిడ్డను ఎన్ని నెలలు మోసినావు? తొమ్మిది. అదే మొదటిది. నీకిప్పుడు మేకలెన్ని? ఎనిమిది. అది రెండోది. మీ ఆయన పోయినప్పుడు దానికెన్నేండ్లు?"

"నాలుగు," అన్నది నల్లమ్మ, గొంతు మారి.

"అది మూడోది."

అట్లా పదంకెలకూ పది సంగతులు దొరికాయి. ఒక గంట పట్టింది. నల్లమ్మ తప్పు చెప్పడం, గంగక్క కసరడం, మళ్ళీ మొదటి నుంచి రావడం. ఎక్కడా చీటీ లేదు, కాగితం లేదు. నల్లమ్మ నేర్చుకునే తొందరలో అది గమనించలేదు.

"బాగుండాది. ఎవురన్నా వచ్చి నంబరడిగితే ఏమని చెప్పల్ల?" అని అడిగింది నల్లమ్మ.

"మరిచిపోయినా అని చెప్పు."

నల్లమ్మ సరేనని తలాడించబోయి ఆగిపోయింది. గంగక్క ముఖంలోకి చూసింది. బల్ల మీద చూసింది, ఆమె చేతుల్లోకి చూసింది. ఖాళీ. మళ్ళీ ముఖంలోకి చూసింది.

"గంగా... నువ్వు..."

గంగక్క జిరాక్సు కాగితాలు సర్దుతున్నది.

"ఆరేండ్లే! ఊరంతా నిన్ను తిక్కది అనె. నేను గూడా అంటి కదే, నీ మొగం మీదనే అంటి! నా బిడ్డ కోసమా?" నల్లమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని వాటిని కళ్ళకద్దుకుని భోరుమన్నది. గంగక్క చేతులు విడిపించుకుని, ముక్కు చీది, ఎప్పటిలాగే కసిరింది.

"పెన్నిచ్చింది నేనే అత్తా. ఆ మాట నీకు ఇన్నాళ్ళూ చెప్పల్యా. ఇంగ ఏడుపు చాలుగానీ, నాలుగు తర్వాత ఏమొస్తాది, చెప్పు."

నల్లమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, చివరి అంకె దాకా ఒక్కటీ తప్పు పోకుండా చెప్పింది.